పీజీలో సీనియరే ఆఫీసు

ఉస్మానియా కానీ, కాకతీయ కానీ, ఆంధ్రా యూనివర్సిటీ కానీ, పీజీలో కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలలో ఎక్కువసార్లు వినే మాట ‘సీనియర్‌ని అడుగు’. హాస్టల్ ఫారం ఎక్కడ ఇస్తారు? మెస్ అడ్వాన్స్ చలాన్ ఏ బ్యాంకులో కట్టాలి? స్కాలర్‌షిప్ హార్డ్ కాపీలు ఏ సెక్షన్‌లో తీసుకుంటారు, ఆ సెక్షన్‌లో మనిషి ఎన్నింటికి సీట్లో దొరుకుతాడు? వీటిలో సగం యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. అయినా అది చూసుకొని వెళ్లినవాళ్లు కూడా తిరిగి తిరిగి సీనియర్ దగ్గరికే చేరతారు. వెబ్‌సైట్‌లో ఉన్నది పోయినేటి నోటిఫికేషన్ అని, ఈసారి అటెస్టేషన్ కూడా అడుగుతున్నారని తెలిసింది ఆయనకే మరి.

రూల్స్ చూస్తే పీజీ విద్యార్థికి అండగా నిలవాల్సిన ఏర్పాట్లు తక్కువేం లేవు. ర్యాగింగ్ నిరోధక కమిటీలు 2009 నుంచి ఉన్నాయి. సమాన అవకాశాల కేంద్రం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ యూజీసీ 2012లో చెప్పింది. లైంగిక వేధింపుల మీద విచారించే అంతర్గత కమిటీ గురించి 2015లో, ఫిర్యాదుల కమిటీ, దానిపైన అప్పీలు వినే అంబుడ్స్‌పర్సన్ గురించి 2023లో నిబంధనలు ఇచ్చింది. చాలాచోట్ల ఈ పేర్లన్నీ పరిపాలనా భవనం గోడ మీద ఫ్లెక్సీలో కనిపిస్తాయి. కష్టం వస్తే మాత్రం విద్యార్థి ముందుగా తట్టేది పక్క గది తలుపే. దీన్ని క్యాంపస్ స్నేహం అని మెచ్చుకొని వదిలేయడం తేలిక. కానీ ఇక్కడ జరుగుతున్నది ఏమిటంటే, యూనివర్సిటీ చేయాల్సిన పని సీనియర్లు జీతం లేకుండా చేస్తున్నారు. అదీ అందరికీ ఒకేలా చేయరు.

ముందు పీజీకి వచ్చేది ఎవరో, ఎందుకో చూడాలి. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే లెక్కలో దేశంలో ఉన్నత విద్య చదివేవాళ్లు 4.33 కోట్లు, అందులో పీజీ వాటా సుమారు 12 శాతం. ఉస్మానియా 1918లో, ఆంధ్రా 1926లో పుట్టాయి. ఆ తర్వాత చాలాకాలం ఎంఏ, ఎమ్మెస్సీ అంటే లెక్చరర్ ఉద్యోగానికి దారి. ఇప్పుడు నల్లగొండ, కరీంనగర్, మహబూబ్‌నగర్ లాంటి చోట్ల కూడా 2007, 2008లలో వచ్చిన యూనివర్సిటీలున్నాయి. ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషే పీజీకి కూడా వస్తున్నాడు. ఆ మనిషికి ఇంట్లో వచ్చే సలహా ఒకటే, ‘జాగ్రత్తగా చదువుకో’. ఏం చదవాలో, దేనికి చదవాలో చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఉండరు.

క్యాంపస్ లైబ్రరీ రీడింగ్ రూమ్‌లో ఒక పొద్దున కూర్చుంటే దేనికి చదువుతున్నారో అర్థమైపోతుంది. తలుపులు తీయకముందే బ్యాగులు వరుసలో ఉంటాయి. లోపల టేబుళ్ల మీద ఎంఏ సిలబస్ పుస్తకాల కంటే ఇండియన్ పాలిటీ, తెలంగాణ ఉద్యమ చరిత్ర, అరిథ్మెటిక్, కరెంట్ అఫైర్స్ ఎక్కువ. కుర్చీకి కట్టిన తువ్వాలు, బల్ల మీద నీళ్ల బాటిల్, ఫెవికాల్‌తో అంటించిన టైమ్ టేబుల్ చూస్తే అది ఎవరి ‘ప్లేసో’ అందరికీ తెలుస్తుంది. గ్రూప్స్, డీఎస్సీ, ఎస్సై పరీక్షలకు చదవడానికి సిటీలో ఉండాలి. కోచింగ్ సెంటర్లుండే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ప్రైవేటు హాస్టల్‌కు కట్టే స్తోమత లేనివాళ్లకు ఎంఏ సీటు అంటే రెండేళ్లపాటు ఒక మంచం, ఒక రీడింగ్ రూమ్. ఇలా చేరినవాళ్లను సీరియస్‌నెస్ లేదని తిట్టే ప్రొఫెసర్లున్నారు. ఆ తిట్టులో కొంత న్యాయం ఉంది. నలభై మంది క్లాసులో ఏడుగురు కూర్చుంటే చెప్పేవాళ్లకు మాత్రం ఉత్సాహం ఎక్కడి నుంచి వస్తుంది? అయితే ఎంఏ హిస్టరీతో ఏ ఉద్యోగం వస్తుందో డిపార్ట్‌మెంటే చెప్పలేకపోతున్నప్పుడు, విద్యార్థి తన దారి తాను చూసుకోవడం తప్పెలా అవుతుంది? ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీ వాళ్ల సంగతి వేరు. హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ దగ్గర పరవాడలో ఫార్మా కంపెనీలున్నాయి కాబట్టి ఆ కోర్సుకు చివర్లో ఒక గేటు కనిపిస్తుంది. క్లాసులూ నిండుతాయి, ల్యాబులూ నిండుతాయి.

కోర్సు అయిపోయినా నోటిఫికేషన్ రాదు. వచ్చినా పరీక్ష వాయిదా పడుతుంది, పరీక్ష అయితే కోర్టు కేసు. దీంతో గది ఖాళీ చేయాల్సిన మనిషి ఖాళీ చేయడు. ఉస్మానియా భాషలో అతను నాన్ బోర్డర్. ఇద్దరికి ఇచ్చిన గదిలో నలుగురు పడుకుంటారు, ఒకరు కింద, ఒకరు పరుపు మీద, ఇంకొకరు రాత్రంతా చదివి తెల్లారాక మంచం మారతారు. అధికారులు అప్పుడప్పుడు తనిఖీలు చేసి తాళాలు వేస్తారు, కొన్నాళ్లకు మళ్లీ మామూలే. అధికారుల రికార్డులో అతను అక్రమంగా ఉంటున్నవాడు. కొత్తగా వచ్చిన కుర్రాడికి మాత్రం ఏ క్లర్కు ఎలాంటివాడో, ఏ సబ్జెక్టుకు ఎవరి నోట్స్ పనికొస్తాయో, జ్వరమొస్తే హెల్త్ సెంటర్‌లో ఎన్నింటికి డాక్టరు ఉంటారో చెప్పేది అతనే. యూనివర్సిటీ దగ్గర ఉన్న మంచి స్టూడెంట్ కౌన్సెలర్‌ను యూనివర్సిటీయే వెళ్లగొట్టాలని చూస్తోందన్నమాట. గది దొరక్క బస్సుల్లో తిరిగే జూనియర్ వైపు నుంచి చూస్తే అతన్ని వెళ్లగొట్టడమే న్యాయం, అదీ నిజమే.

డబ్బు విషయంలో సీనియర్ అవసరం మరీ ఎక్కువ. తెలంగాణలో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు ప్రభుత్వ వెబ్‌సైట్ ఈపాస్‌లో దరఖాస్తు చేయాలి. టెన్త్ హాల్ టికెట్ నంబరు కొట్టగానే వివరాలు వస్తాయి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, ఆధార్‌లో పూర్తిగా ఉంటే చిక్కు అక్కడే మొదలు. ఆ తర్వాత కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు. కుటుంబ వార్షికాదాయం ఆయా వర్గానికి పెట్టిన పరిమితి దాటకూడదు. అప్పుడు మీసేవకు వెళ్లి వేలిముద్ర వేయాలి. సెలవుల్లో పొలం పని చేసి వచ్చిన వేళ్లకు ముద్ర ఒక పట్టాన పడదు. తడిపి, తుడిచి, మళ్లీ పెట్టాలి. అది అయ్యాక కాగితాలన్నీ కాలేజీకి ఇస్తే, కాలేజీ నుంచి సంక్షేమ శాఖకు, అక్కడి నుంచి ట్రెజరీకి. ఇందులో ఏ మెట్టు దగ్గర ఆగినా విద్యార్థికి కనిపించేది స్క్రీన్ మీద ఒక్క మాటే, ‘పెండింగ్’. ఎక్కడ పెండింగ్, ఎవరి దగ్గర పెండింగ్ అనేది చెప్పే కౌంటర్ లేదు. ‘అది వెరిఫికేషన్ కాలేదురా, ఫలానా సెక్షన్‌కి పో’ అని చెప్పేది సీనియరే.

ఇందులో ఫీజు భాగం, అంటే ఆర్‌టీఎఫ్, కాలేజీకి చేరాలి. మెస్ ఖర్చుల భాగం ఎంటీఎఫ్. ప్రభుత్వం దగ్గర రెండూ బకాయి పడితే ఒత్తిడి చివరికి వచ్చి పడేది విద్యార్థి మీదే. బకాయిలు ఇవ్వడం లేదని 2024 చివర్లో తెలంగాణలో ప్రైవేటు డిగ్రీ, పీజీ కాలేజీలే బంద్ పాటించాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబర్‌లో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేరేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసేశారు. ఒక్క ఉత్తర్వుతో క్యాంపస్ సీటు రాని పేద విద్యార్థికి పీజీ అన్నది సొంత డబ్బుతో చదివే చదువైపోయింది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో చెప్పింది. రీయింబర్స్‌మెంట్ రాలేదంటూ టీసీ ఆపినప్పుడు ఆ సర్క్యులర్ ప్రింటు తీసి కౌంటర్‌లో పెట్టే విద్యార్థి అరుదు. ఉద్యోగానికి గానీ పీహెచ్‌డీకి గానీ చివరి తేదీ దగ్గరపడుతుంది, ఇంట్లో అప్పు చేసి కట్టి తెచ్చుకుంటారు.

తిండి లెక్క చెబితే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. తెలంగాణ సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా డైట్ ఛార్జీ నెలకు 1,500 ఉండేది. 2024లో 40 శాతం పెంచి 2,100 చేశారు. పెంచాక రోజుకు 70 రూపాయలు. టిఫిన్, రెండు పూటలా అన్నం, కూర, సాయంత్రం టీ అన్నీ అందులోనే. యూనివర్సిటీ మెస్‌లలో చాలాచోట్ల డివైడింగ్ పద్ధతి. నెల ఖర్చు మొత్తాన్ని తిన్న మనుషులతో, తిన్న రోజులతో భాగిస్తారు. స్కాలర్‌షిప్ రాకపోతే ఆ బిల్లు పేరు పక్కన పేరుకుపోతుంది. చివరి సెమిస్టర్‌లో బాకీలేవీ లేవనే నో డ్యూస్ కాగితం కోసం వెళ్లినప్పుడు అది ఒకేసారి ఎదురొస్తుంది. ఎలాంటి చెడు అలవాటూ లేకుండా, రెండేళ్లు మెస్ అన్నం తిని, అప్పులతో బయటపడే పీజీ విద్యార్థులు ఉన్నారు.

భాష గురించి క్యాంపస్‌లో పైకి పెద్దగా మాట్లాడరు. డిగ్రీ తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు మొదటి సెమిస్టర్‌లో క్లాసులో నోరు మెదపరు. అర్థం కాక కాదు, అడగాలంటే ఇంగ్లిష్‌లో అడగాలేమో అని టెన్షన్. కొన్ని కోర్సుల్లో పరీక్ష తెలుగులో రాయొచ్చు, చదవడానికి మాత్రం తెలుగులో పుస్తకాలు చాలవు. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ పుస్తకాలు, తెలుగు అకాడమీ పుస్తకాలు, సీనియర్ చేతిరాత నోట్స్, వీటితో గట్టెక్కుతారు. గేటు దగ్గర జిరాక్స్ సెంటర్‌లో ఒక బ్యాచ్ నోట్స్ ఇంకో బ్యాచ్‌కు, ఆ పై బ్యాచ్‌కు కాపీల మీద కాపీలై, అంచుల్లో అక్షరాలు మాసిపోయి దొరుకుతుంటాయి. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీలన్నీ ఇంగ్లిష్ మీడియం అయ్యాయి. మెమో మీద మీడియం మారినంత తేలిగ్గా మనిషి మారడు కదా. ఇంకోవైపు కేంద్రం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టి దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. ఇది చాలా మంచి పని. ఒక్కో వ్యాసానికి డాలర్లు అడిగే గోడ తొలగింది. ఆ వ్యాసాన్ని ఎలా చదవాలో, దాంతో ఏం చేయాలో నేర్పే గంట మాత్రం టైమ్ టేబుల్‌లో ఇంకా చేరలేదు.

పీహెచ్‌డీలోకి వెళ్తే సీనియర్ స్థానంలో పరిశోధన చేయించే ప్రొఫెసర్, అంటే గైడ్ వస్తారు, అండ అంతా ఒక్క మనిషి మీదికి చేరుతుంది. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్ చేయకూడదు. రిటైర్మెంటుకు మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. గైడ్ రెగ్యులర్ ఉద్యోగి అయి ఉండాలి. విడివిడిగా చూస్తే అన్నీ మంచి నిబంధనలే. కానీ రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏళ్లుగా నియామకాలు లేక పాఠాలు చెప్పేది ఎక్కువగా కాంట్రాక్టు, పార్ట్ టైమ్ అధ్యాపకులే. తెలంగాణలో నియామకాల కోసమని 2022లో ఉమ్మడి బోర్డు బిల్లు తెస్తే అది గవర్నర్ దగ్గర నెలల తరబడి ఆగి, 2023లో రాష్ట్రపతి పరిశీలనకు వెళ్లింది. ఇలాంటి డిపార్ట్‌మెంట్‌లో పైన చెప్పిన మూడు నిబంధనలూ కలిస్తే మిగిలే గైడ్లు ఇద్దరో ముగ్గురో. గైడ్ మార్చుకోవాలనుకున్నా మారడానికి మనిషే ఉండరు. అందుకే స్కాలర్లు గైడ్ ఇంటి కరెంటు బిల్లు కట్టడం, పిల్లల్ని స్కూల్ నుంచి తీసుకురావడం లాంటి కథలు ప్రతి క్యాంపస్‌లోనూ నవ్వుతూ చెప్పుకుంటారు, పేర్లు లేకుండా.

ఫెలోషిప్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య తేడా ఒకే ల్యాబు బెంచీ మీద కనిపిస్తుంది. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో పైన నిలిచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వచ్చినవాళ్లకు 2023 జనవరి నుంచి నెలకు 37,000. కేంద్రీయ యూనివర్సిటీలో నెట్ లేకుండా చేరినవాళ్లకు 8,000. రాష్ట్ర యూనివర్సిటీలో ఏదీ లేనివాళ్లు జూనియర్ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పుకుంటూ థీసిస్ రాస్తారు. ఫెలోషిప్ వచ్చేవాళ్లకు కూడా ప్రతి నెలా యూనివర్సిటీ వాళ్లు పోర్టల్‌లో ‘ఈ స్కాలర్ పని చేస్తున్నాడు’ అని కన్ఫర్మ్ చేయాలి. ఒకరు ఎక్కించాలి, ఇంకొకరు ఓకే చేయాలి. ఆ క్లర్కు పెళ్లికి సెలవు పెడితే ఆ నెల ఆలస్యమే. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న చనిపోయిన పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో, తనకు ఏడు నెలల ఫెలోషిప్ లక్షా డెబ్భై అయిదు వేలు రావాల్సి ఉందని రాశారు. సస్పెన్షన్, హాస్టల్ నుంచి గెంటివేత, కుల వివక్ష గురించి దేశమంతా మాట్లాడింది, మాట్లాడాల్సిందే. ఆ బకాయి లెక్క కూడా అదే ఉత్తరంలో ఉంది.

అమ్మాయిల విషయంలో ఒక మార్పు యూనివర్సిటీ బయటి నుంచి వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ప్రయాణం ఉచితం. జిల్లా కేంద్రంలోని పీజీ కాలేజీకి ఊరి నుంచి రోజూ వచ్చి వెళ్లడం వీలైంది. హాస్టల్‌లో ఉంటే రాత్రి గేటు మూసే వేళ అబ్బాయిలకు ఒకటి, అమ్మాయిలకు ఒకటి. ల్యాబులో రియాక్షన్ రాత్రి పదకొండుకు పూర్తవుతుందంటే అనుమతి లెటరు కావాలి. ఇంటి నుంచి సంబంధాల ఫోన్లు ఎలాగూ ఉంటాయి. పీహెచ్‌డీలో మహిళలకు రెండేళ్లు అదనపు గడువు, 240 రోజుల ప్రసూతి సెలవు 2022 నిబంధనల్లో ఉన్నాయి.

మరి ఫిర్యాదు చేస్తే? 2023 నిబంధనల ప్రకారం కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, నచ్చకపోతే అంబుడ్స్‌పర్సన్ దగ్గరికి వెళ్లొచ్చు. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? కానీ కమిటీలో కూర్చునేది ప్రొఫెసర్లే. గైడ్ మీద ఫిర్యాదు చేసే స్కాలర్ ఆ గైడ్‌తో రోజూ టీ తాగే మనిషి ముందు నిలబడి చెప్పాలి. ఆ తర్వాత థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్ష వైవాకు సంతకం మళ్లీ ఆ గైడే పెట్టాలి. అందుకే ‘అడ్జస్ట్ అవ్వు తమ్ముడూ, ఇంకో ఏడాదే కదా’ అనే సీనియర్ సలహా గెలుస్తుంది. సీనియర్ అండకు ఉన్న హద్దు ఇక్కడ బయటపడుతుంది. దారి చూపించడం ఆయనకు తెలుసు, దారి మార్చే అధికారం లేదు.

మనసు బాగోలేనప్పుడు కూడా అంతే. విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పు ఇస్తూ, వంద మంది, అంతకు మించి చదివే ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరైనా ఉండాలంది. ఉన్నా వేళలు పదింటి నుంచి అయిదింటి దాకా. హాస్టల్‌లో మనిషి కుంగిపోయేది రాత్రి ఒంటిగంటకు. అదీకాక కౌన్సెలర్ గది పరిపాలనా భవనంలో ఉంటే, లోపలికి వెళ్లడం నలుగురూ చూస్తారు. ‘వాడికేదో తేడాగా ఉందంట’ అనే మాట మర్నాటికి మెస్‌లో తిరుగుతుంది. 14416 టెలీ మానస్ నంబరుకు ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబరు హాస్టల్ నోటీసు బోర్డు మీద మెస్ మెనూ పక్కన అంటిస్తే అయ్యే ఖర్చు ఒక ఏ4 కాగితం.

అసలు ప్రశ్న, సీనియర్ లేనివాళ్ల సంగతి ఏమిటన్నది. సీనియర్ ఊరికే దొరకడు. అదే జిల్లావాడో, అదే కులంవాడో, అదే డిగ్రీ కాలేజీవాడో, అదే విద్యార్థి సంఘంవాడో అయి ఉండాలి. అడ్మిషన్ల రోజు సంఘాలు టెంట్లు వేసి హెల్ప్ డెస్క్‌లు పెడతాయి. ఫారాలు నింపుతాయి, గది దొరికేదాకా తమ గదుల్లో ఉంచుతాయి. వేరే ఎవరూ పట్టించుకోని విద్యార్థులకు, ముఖ్యంగా దళిత, ఆదివాసీ విద్యార్థులకు ఇది నిజమైన అండ, దీన్ని తక్కువ చేసి చూడటానికి లేదు. అయితే ఏ గుంపుకూ చెందనివాడు, మాట కలపడం రానివాడు, ఆ డిపార్ట్‌మెంట్‌లో తన ఊరి నుంచి వచ్చిన మొదటి మనిషి, రోజూ బస్సులో వచ్చి పోయే అమ్మాయి, వీళ్లకు ఆ సమాచారం చేరేసరికి చివరి తేదీ దాటిపోతుంది. ఆఫీసు సరిగా పని చేస్తే అందరికీ దొరికే సమాచారం, ఇక్కడ చుట్టరికంలా పంచుకునే ఆస్తి అయింది.

సముద్రాలు దాటినా మనవాళ్ల పద్ధతి ఇదే. 2023-24లో అమెరికాలో ఉన్న భారత విద్యార్థులు 3.31 లక్షలైతే అందులో 1.96 లక్షల మంది పీజీ స్థాయివాళ్లే. వాళ్లలో తెలుగువాళ్ల వాటా ఎంత పెద్దదో డాలస్ ఎయిర్‌పోర్టులో తెలిసిపోతుంది. అక్కడి యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు ఉంటుంది, ఈమెయిల్‌కు జవాబు కూడా ఇస్తుంది. అయినా పికప్‌కు వచ్చేది వాట్సాప్ గ్రూప్‌లోని సీనియరే, మొదటి పది రోజులు పడుకునేది అతని హాల్‌లోనే. ఆఫీసు అంటే చివరికి వెళ్లే చోటు అన్న అలవాటు సూట్‌కేసులో పచ్చడి సీసాతో పాటే వెళ్తుంది.

మే నెలలో గదులు ఖాళీ అవుతుంటాయి. వెళ్లేవాడు బకెట్, ప్లగ్ బోర్డు, రెండు చోట్ల టేపు చుట్టిన టేబుల్ ఫ్యాను, ఓపెన్ యూనివర్సిటీ పుస్తకాలు జూనియర్‌కు అప్పజెబుతాడు. తలుపు వెనక పెన్సిల్‌తో రాసిన ఫోన్ నంబర్లు అలాగే ఉంటాయి: ప్లంబర్, మెస్ ఇన్‌ఛార్జి, స్కాలర్‌షిప్ సెక్షన్‌లో పని చేసిపెట్టే ఒక అటెండర్. తర్వాత వచ్చే కొత్తవాడికి ఆ గదే పడితే అవన్నీ అతనివి. వేరే గది పడినవాడు ఫైలు పట్టుకొని సెక్షన్ కిటికీ ముందు నిలబడితే, లోపలి నుంచి తల ఎత్తకుండానే అడుగుతారు, ‘ఇక్కడ తెలిసినోళ్లు ఎవరన్నా ఉన్నారా నీకు?’